తక్కువ బిల్లు వచ్చే ఇల్లు

ఆ ఊళ్ళో ఆమెను కరెంటు శ్యామల అనేవాళ్ళు. మొదట్లో అది మెచ్చుకోలుగా అన్న మాట. తరవాత అదే మాటను అదే మనుషులు వేరే గొంతుతో అన్నారు.

ఊరు శావల్యాపురానికి దగ్గరే. పేరు చెప్పడం బాగుండదు. చెబితే ఆమె ఇల్లు కనుక్కోవడం ఎవరికైనా తేలికే, ఆ వీధిలో మేడ అదొక్కటే.

శ్యామల పుట్టిల్లు ముప్పాళ్ళ. పదో తరగతి అయ్యాక పెళ్ళి చేశారు. భర్త పుల్లారావుకి మిరప, పత్తి వేసే మెట్ట ఉంది, కాలవ కింద కొంత మాగాణి ఉంది. వాటికి మించి ఊరి రాజకీయం ఉంది. ఒకసారి వార్డు మెంబరుగా గెలిచాడు, ఈసారి సర్పంచికి నిలబడాలని చూస్తున్నాడు. ఒక్కతే కూతురు లిఖిత, నరసరావుపేటలో ఇంటర్ చదువుతూ కాలేజీ బస్సులో వెళ్ళి వస్తుంది. శ్యామల డ్వాక్రా గ్రూపుకి లీడరు. మాట చురుకు. పని మొదలుపెడితే మధ్యలో వదలదు.

కరెంటు పిచ్చి ఆమెకు మండలాఫీసు మీటింగులో పట్టింది. పాత బల్బు తాగే కరెంటులో ఎక్కువ భాగం వేడికే పోతుందని, వెలుతురుగా మారేది కొంచెమేనని అక్కడ చెప్పారు. మిగతావాళ్ళు టిఫిను ఎప్పుడు పెడతారా అని చూస్తుంటే, ఆమెకు మాత్రం చిన్నప్పుడు వాళ్ళమ్మ కోడిపిల్లల గంప మీద బల్బు వేలాడదీసిన సంగతి గుర్తొచ్చింది. నిజమే కదా, పిల్లలకి వెచ్చగా ఉంటుందనే కదా ఆ బల్బు పెట్టేది. అంటే ఇన్నాళ్ళూ ఇంట్లో మనుషులం కూడా ఆ గంపలోనే కూర్చున్నామా అనుకుంది.

దసరాలోగా ఇంట్లో బల్బులన్నీ తీసేసి ఎల్ఈడీవి వేసింది. హాల్లో చోకు కొట్టుకునే పాత ట్యూబులైట్లు పీకించింది. గొడ్లచావిట్లో రాత్రంతా వెలిగే పెద్ద బల్బు స్థానంలో చిన్నది పెట్టింది. ఆ తరవాత వచ్చిన బిల్లు చూసి తనే నమ్మలేకపోయింది. సగానికి సగం పడిపోయింది. బిల్లు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి అందరికీ చూపించింది.

అక్కడినుంచి ఆమె ఇల్లిల్లూ తిరిగింది. కోడిపిల్లల గంప సంగతి చెప్పి ఆడవాళ్ళని నవ్వించేది. ఇప్పటి బల్బు ముట్టుకుంటే చెయ్యి కాలదు చూడండి అని వాళ్ళ చేత ముట్టించేది. గ్రూపు తరఫున బల్బులు టోకున తెప్పించి ఇచ్చింది. తీసేసిన పాత బల్బులు గంపల్లో తన ఇంటికే చేరాయి. చలికాలంలో మండలాఫీసు వాళ్ళు పిలిచి, స్టేజీ ఎక్కించి, శాలువా కప్పారు. పుల్లారావు ఆ ఫొటోని ఊళ్ళో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టాడు.

ఆమె చెప్పింది మంచి మాటే. అయితే చెప్పే గొంతులో కొద్దికొద్దిగా ఇంకేదో వచ్చి చేరింది. ఎవరింటికైనా కూర్చోవడానికి వెళితే అడక్కుండానే లేచి వాళ్ళ లైట్లు ఆపేసేది. గ్రూపు మీటింగుకి అందరూ కరెంటు బిల్లులు తేవాలని పెట్టింది. ఎవరిది తగ్గింది, ఎవరిది పెరిగింది అని అందరి ముందూ చదివేది. అన్నింటికంటే తక్కువ ఎప్పుడూ తన ఇంటిదే. అదీ ఏసీ ఉన్న ఇల్లు.

వేసవి మొదట్లో జరిగిన మీటింగులో కోటమ్మ బిల్లు చేతికొచ్చింది. కోటమ్మ వాళ్ళది శ్యామల వెనక వీధి. అరవై దాటిన మనిషి. భర్త గోపాలకృష్ణయ్యకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. మాట సరిగా రాదు, తనంతట తను పక్కకి కూడా ఒత్తిగిలలేడు.

"ఏంది అత్తా ఇది? ఉండేది ఇద్దరు. మా ఇంటికంటే మీకు ఎక్కువొచ్చిద్దా?" అంది శ్యామల.

"బల్బులన్నీ మార్చానే అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే," అంది కోటమ్మ. "మీ మావయ్యకి ఫేను లేకపోతే..."

"ఫేను ఎవరింట్లో లేదు అత్తా? ఆయన నిద్రపోయాక కూడా తిరగాల్నా? కాస్త లేసి ఆపుకోవాలి. మా ఇంట్లో ఏసీ ఉంది, అయినా చూడు ఎంతొచ్చిందో. జాగర్తలో ఉంటది అంతా."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. కోటమ్మ కూడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కొంగు సర్దుకుని, బిల్లు మడిచి రవికెలో పెట్టుకుంది. శ్యామల అప్పటికే పక్కవాళ్ళ బిల్లు తీసుకుంది.

మే నెలలో శ్యామలకి ఇంకో ఆలోచన వచ్చింది. మాటలు కాదు, కళ్ళతో చూపిస్తే బాగుంటుందని. లైన్‌మాన్ ప్రభు ఎప్పుడో చెప్పాడు ఆమెకి, మీటరులో ఒక ఎర్ర లైటు ఉంటుందని, కరెంటు ఎంత వాడితే అది అంత వేగంగా కొట్టుకుంటుందని. ఒక చెక్క మీద వరసగా హోల్డర్లు బిగించిన బోర్డు తయారు చేయించింది. ముందు పాత బల్బులు పెట్టి చూపించాలి, తరవాత ఎల్ఈడీవి పెట్టి చూపించాలి. ఒక మధ్యాహ్నం గ్రూపు వాళ్ళందరినీ ఇంటికి పిలిచింది. వరండాలో చాపలు పరిచింది. మీటరు ఆ వరండా గోడకే ఉంది.

ఆరోజు పుల్లారావు మిరపకాయల పని మీద గుంటూరు యార్డుకి వెళ్ళాడు. లిఖిత ఇంట్లోనే ఉంది.

శ్యామల ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేయించింది. బోర్డుకి పాత బల్బులు పెట్టి స్విచ్ వేసింది. మీటరులో ఎర్ర చుక్క టక్కు టక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. బల్బుల దగ్గర కూర్చున్నవాళ్ళు సెగకి వెనక్కి జరిగారు. ఆడవాళ్ళు ఒకరి భుజం మీదుగా ఒకరు వంగి చూశారు.

"అమ్మో, గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటందే!" అంది ఎవరో.

తరవాత అవి తీసి ఎల్ఈడీ బల్బులు పెట్టింది. వరండా ఇంకా తెల్లగా వెలిగింది. మీటరు లైటు మాత్రం ఒకసారి మినుక్కుమని చాలాసేపు ఊరుకుంది. పోయిందేమో అనుకునేసరికి మళ్ళీ ఒకసారి మినుక్కుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. శ్యామల ముఖం వెలిగిపోయింది.

"చూశారుగా? వెలుతురు అదే. తాగేది మాత్రం ఇంతే," అంది.

అప్పుడు కోటమ్మ అడిగింది. ఆ అడగడంలో ఏ ఉద్దేశమూ లేదు. తిరణాళ్ళలో వింత చూస్తున్న పిల్లలా అడిగింది.

"అమ్మాయ్, ఆ ఏసీ కూడా ఒకసారి ఎయ్యి. అది ఎంత తాగుద్దో చూద్దాం."

"చూడండి మరి, టకటకా కొట్టుకుంటది," అని శ్యామల బోర్డు ఆపి, లిఖితను కేకేసి ఏసీ వెయ్యమంది.

వరండా కిటికీ కింద ఉన్న ఏసీ బయటి డబ్బా ఒకసారి అదిరి గుయ్యిమని అందుకుంది. వేడి గాలి వరండాలోకి కొట్టింది. అందరూ మీటరు వైపు చూశారు. ఎర్ర చుక్క కదల్లేదు.

"ఇంకా అందుకోలేదేమో," అందొకామె.

అందరూ ఆగారు. ఏసీ డబ్బా అరుస్తూనే ఉంది. మీటరు నిద్రపోతున్నట్టుంది. శ్యామల దగ్గరికి వెళ్ళి దాని అద్దం మీద వేలితో కొట్టింది. ఏమీ లేదు. గ్రూపులో రేవతి అని కొత్త కోడలు ఉంది, డిగ్రీ చదివిన పిల్ల. ఆ పిల్ల మెల్లగా అంది.

"అక్కా, ఇది మీటరుకి తగలట్లా."

ఆ మాట అర్థం కావడానికి ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు. పల్లెటూళ్ళో మీటరుకి ముందే వైరు కలిపేసుకోవడం ఎవరికీ తెలియని విద్య కాదు. ఒకరినొకరు చూసుకుని, తరవాత చూపులు చాప మీదకి దించుకున్నారు.

శ్యామలకి చెవులు వేడెక్కాయి. "మీటరేదో పాడైనట్టుంది. ప్రభుని పిలిచి చూపించాలి," అంది. ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడే అబద్ధమని ఆమెకు తెలుసు. ఇందాక చప్పట్లు కొట్టించుకున్న మీటరు అదే.

లిఖిత టీ తెచ్చింది. కొందరు తాగారు. కొందరు, పిల్లలు లేస్తారనీ బర్రెల పనుందనీ చెప్పి, గ్లాసు ముట్టకుండానే లేచారు. కోటమ్మ అందరికంటే చివర లేచింది. ఆమెకు శ్యామల మీద కోపం ఉన్నట్టు కనిపించలేదు. ఏసీ వెయ్యమని తనెందుకు అడిగానా అని నొచ్చుకుంటున్నట్టు ఉంది. ఆ చూపును శ్యామల తట్టుకోలేకపోయింది.

అందరూ వెళ్ళాక లిఖిత చాపలు చుడుతూ అడిగింది. "అమ్మా, నీకు నిజంగా తెలవదా?"

కన్నకూతురు కూడా ఆ ప్రశ్న వేసింది. శ్యామలకి తెలియదు, నిజమే. దసరా తరవాత తను పుట్టింట్లో వారం రోజులు ఉన్నప్పుడు ఏసీ బిగించారు. వైరింగు ఎవరు చేశారో కూడా ఆమె చూడలేదు. కానీ వేసవంతా ఏసీ తిరుగుతున్నా బిల్లు పెరగకపోతే, ఇదేందని ఒకసారి మనసులో అనుకున్న మాటా నిజమే. ఇన్వర్టర్ ఏసీ, అది కరెంటు అసలు లాగదు అని భర్త చెప్పాడు. ఆమె ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు. అప్పటికి శాలువా కప్పించుకుని ఉంది. తక్కువ బిల్లు తన గొప్పే అనుకోవడం తియ్యగా ఉంది. తెలుసుకోవడం ఇష్టంలేక తెలుసుకోలేదు. ఆ సంగతి కూతురికి ఎలా చెబుతుంది?

సాయంత్రం పుల్లారావు వచ్చి, సంగతి విని, ముందు నవ్వాడు.

"ఏసీ, గీజరు, బోరు మోటారు, మూడూ మీటరుకి బయటే కలిపించా. ఒక వైరుమాన్‌ని పట్టుకొచ్చి చేయించా. యూనిట్లు మీదికి పోతే రేషను కార్డు తీసేస్తారు, తెలుసా నీకు? ఊళ్ళో నేనొక్కడినేనా?"

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? అయినా మీటరు దగ్గర జనాన్ని కూర్చోబెట్టమని ఎవరు చెప్పారే నీకు?"

"మన బిల్లు నా గొప్పే అని ఊరంతా చెప్పుకున్నా. నువ్వు పక్కనే నిలబడి ఫొటో తీశావు. శాలువా కప్పుతుంటే తీశావు."

పుల్లారావు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "రేపు ఆ వైరు పీకేస్తాలే. ఎవరికీ తెలవదు," అన్నాడు.

"అందరికీ తెలిసిపోయింది," అంది శ్యామల.

మర్నాడు ఆమె గడప దాటలేదు. పాల కేంద్రానికి లిఖితను పంపింది. వీధిలో ఎవరు నవ్వినా తన గురించే అనిపించింది. కొందరు నిజంగానే ఆమె గురించే నవ్వారు. "కరెంటు శ్యామల గదా, అందుకే ఊరికే వస్తంది కరెంటు," అని ఒకడు అన్న మాట గోడవతల నుంచి స్పష్టంగా వినపడింది. కానీ ఆమెను లోపల్నించి తొలిచింది ఆ మాట కాదు. తను చదివిన బిల్లులు. ఒక్కొక్కరి పేరూ, ఒక్కొక్కరి ముఖమూ గుర్తొచ్చాయి. అందరికంటే ఎక్కువ కోటమ్మ గుర్తొచ్చింది.

ఎండ కాస్త తగ్గాక వెనక వీధికి నడిచింది. ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళింది. నాకు తెలియదు అత్తా అని చెప్పాలనుకుంది. నా తప్పేమీ లేదు అనిపించుకుని రావాలన్న ఆశ కూడా ఎక్కడో ఉంది.

కోటమ్మ ఇంట్లో పగటిపూట కూడా చీకటిగానే ఉంది. గోపాలకృష్ణయ్య మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కోటమ్మ పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతోంది. విసిరి విసిరి చెయ్యి అలిసిపోయి, ఇంకో చేతిలోకి మార్చుకుంది. పైన ఫేను ఆగి ఉంది.

"కరెంటు పోయిందా అత్తా?"

"లేదమ్మాయ్, ఉంది."

"మరి ఫేనేంది?"

కోటమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "ఆయనకి నిద్ర పట్టాక ఆపుతన్నా. నువ్వే అంటివిగా, నిద్రపోయాక ఎందుకని. ఆ తరవాత బిల్లు కాస్త తగ్గిందిలే. నీ అంత తగ్గలా గానీ."

శ్యామల గుమ్మం పట్టుకుని నిలబడింది. మేలో అక్కడి ఎండ, ఎండలకి పేరుపడ్డ రెంటచింతల ఎండకి ఏమీ తీసిపోదు. రాళ్ళు పగిలే ఆ ఎండలో, తను దొంగ కరెంటుతో ఏసీ కింద పడుకుని, ఒత్తిగిలలేని మనిషిని ఈ మంచం మీద ఉక్కపోతలో పడేసింది. నాకు తెలియదు అనే మాటకి ఆ ఇంట్లో చోటు లేదు. వెళ్ళి స్విచ్ వేసింది. ఫేను తిరగ్గానే గోపాలకృష్ణయ్య కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. ఏదో అన్నాడు. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. ఏమన్నాడని కోటమ్మని అడిగే ధైర్యం లేకపోయింది.

"అత్తా, ఇంక ఆపొద్దు. నేనన్న మాట మర్చిపో," అంది.

"మాట అనేదాకే మన చేతిలో ఉంటది శ్యామలా," అంది కోటమ్మ, తిట్టినట్టు కాదు, మామూలుగానే. "అంతమందిలో అన్నావు. మీ మావయ్య మాట పడని మనిషి. ఆయనకి చెప్పకుండా దాచా."

ఆ సాయంత్రమే శ్యామల ఇంట్లో చెప్పింది, కరెంటాఫీసుకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెబుతానని. పుల్లారావు మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"నీకు మతి పోయిందా? వైరు పీకేస్తానన్నాగా. ఎలక్షన్లు వస్తన్నయ్యి. ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నువ్వు అనుకున్నావా? వైరు పీకేస్తే ఇన్నాళ్ళు వాడింది పోద్దా?"

"మీ పుట్టింటోళ్ళు కూడా వాడతన్నారేమో, పోయి అడుగు ముందు."

"వాళ్ళు శాలువా కప్పించుకోలేదు," అంది శ్యామల.

ఆమె ఆటోలో ఒక్కతే వెళ్ళింది. ఆఫీసులో ఇంజినీరు ముందు కూర్చుని చెప్పడం మొదలుపెడితే, ఆయన ఎవరి మీదో కంప్లయింటు చేయడానికి వచ్చిందనుకున్నాడు. "ఎవరింట్లోనమ్మా?" అని అడిగాడు. "మా ఇంట్లోనేనండి," అన్నప్పుడు పక్క టేబుల్ దగ్గర పనిచేస్తున్న మనిషి తలెత్తి చూశాడు. ఆ ముఖం ఆమెకు తెలుసు. చలికాలంలో మండలాఫీసు సభకి వచ్చి, తనను చెయ్యి పట్టి స్టేజీ ఎక్కించింది ఆయనే.

తరవాత పనులు వాటి దారిన జరిగాయి. మనుషులొచ్చి చూశారు, ఫొటోలు తీసుకున్నారు, లెక్క కట్టారు. కట్టాల్సింది కట్టేదాకా సర్వీసు తీసేశారు. ఊరంతా వచ్చి ఆ మేడ ముందు నిలబడి చూసింది. పుల్లారావు పొలానికి వెళ్ళిపోయి చీకటి పడ్డాక వచ్చాడు. శ్యామల మాత్రం వరండాలోనే నిలబడింది. లోపలికి వెళ్ళి తలుపేసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. ఎదుటివాళ్ళ బిల్లులు పైకి చదివిన మనిషి తన వంతు వచ్చినప్పుడు దాక్కోకూడదనుకుని నిలబడింది. కరెంటు లేని ఆ నాలుగు రోజులూ లిఖిత స్నేహితురాలింట్లో చదువుకుంది. ఊళ్ళో ఒక్కరూ, మా ఇంటికి రండి, ఫేను కింద పడుకోండి అనలేదు. అనాలని ఆమె అనుకోనూ లేదు.

గ్రూపు మీటింగులో లేచి జరిగింది చెప్పింది. "మీ అందరికీ నేను చెప్పింది నిజమే. ఆ బల్బులు తక్కువే తాగుతయ్యి. మీ బిల్లులు తగ్గింది కూడా నిజమే. నా బిల్లే అబద్ధం. ఆ అబద్ధం పట్టుకుని మిమ్మల్ని తక్కువ చేశా," అని లీడరు పని మానేస్తున్నానంది. ఎవరూ వద్దనలేదు. రేవతిని లీడరుగా పెట్టుకున్నారు. రేవతి ఆమెను జాలిగా చూసింది. జాలి కంటే ఆ నవ్వులే నయమనిపించింది శ్యామలకి.

కోటమ్మ ఇంటికి తక్కువ కరెంటు తాగే కొత్త రకం ఫేను కొనుక్కుని తీసుకెళ్ళింది. కోటమ్మ అట్టపెట్టె తెరవనివ్వలేదు.

"నీ ఫేను నాకొద్దమ్మాయ్. నాకున్న ఫేను బానే తిరుగుద్ది. నీ మాటతో ఆపా. నా చేత్తో నేనే ఏసుకుంటా."

శ్యామల ఆ పెట్టెను మళ్ళీ చంకన పెట్టుకుని, అందరూ చూస్తుండగా వీధిలో నడిచి వచ్చింది.

సరైన మీటరు మీద ఆమె ఇంటికి వచ్చిన మొదటి బిల్లు ఊళ్ళో పెద్ద బిల్లుల్లో ఒకటి. అది చూసి పుల్లారావు ముఖం తిప్పుకున్నాడు. ఇప్పుడు ఏసీ అర్ధరాత్రి దాకా వేసి ఆపేస్తారు. గీజరు బదులు నీళ్ళు కట్టెల పొయ్యి మీదే కాస్తున్నారు. బిల్లు కొంచెం కొంచెం తగ్గుతోంది. ఎంత తగ్గిందో ఆమె ఎవరికీ చెప్పదు. పుల్లారావు ఈసారి నిలబడటం లేదు. పార్టీ వాళ్ళే వద్దన్నారని ఊళ్ళో అంటారు, తనే మానుకున్నానని అతనంటాడు.

ఈమధ్య పక్క మండలంలో ఆడవాళ్ళకి ఇలాంటి మీటింగే పెట్టారు. బల్బుల సంగతి శ్యామలక్క చెప్పినట్టు ఎవరూ చెప్పలేరని రేవతి పట్టుబట్టి వెంట తీసుకెళ్ళింది. మైకు ముందు నిలబడ్డాక శ్యామల కోడిపిల్లల గంప సంగతి చెప్పలేదు. ముందు తన ఇంట్లో ఏం జరిగిందో చెప్పింది. వెనక వరసలోంచి ఒకావిడ లేచి అడిగింది.

"అదంతా సరేనమ్మా, మరి మీ ఆయన ఇప్పుడు నీతో మాట్లాడతన్నాడా?"

హాలు గొల్లున నవ్వింది. శ్యామల కూడా నవ్వింది. "మాట్లాడతన్నాడు. అన్నానికి రమ్మంటే వస్తన్నాడు," అంది.

మైకు రేవతికి ఇచ్చి వచ్చి కుర్చీలో కూర్చుంది. నవ్వుతూనే ఉంది గానీ ముఖమంతా సెగ కమ్మినట్టు వేడెక్కి ఉంది. కొంగుతో తుడుచుకుని, రేవతి చెబుతున్నది వింటూ తల దించుకుంది.